సగం తెలుపు

పలక అంతా నల్లగానే ఉండాలని కెప్టెన్ లయల్ మూడుసార్లు చెప్పాడు. ఒక్కసారి చెబితే వినపడని చెవిటివాడేం కాదు ఈనక్ పర్స్లో. స్టోక్ హెరన్ ఊళ్లో సారాకొట్టు బోర్డు మొదలుకుని శవపేటిక మీద పేరు దాకా నలభై ఏళ్లుగా రాస్తున్న చెయ్యి అతనిది. అయినా కెప్టెన్ కొరడాతో బూటు మీద తట్టుకుంటూ చెప్పాడు, ఈనక్ టోపీ చేత్తో పట్టుకుని విన్నాడు.

"పెళ్లాం లేదు, పిల్లల్లేరు. రాక్స్‌లీల్లో మా మావయ్యే ఆఖరివాడు. డాలు మీద మా వంశపు కొంగ తీసేసి పుర్రె పెట్టు. నేలంతా నలుపు. అర్థమైందా?"

"అయింది బాబూ. వంశం ఆగిపోతే పుర్రే కదా పెట్టేది."

"శుక్రవారానికల్లా గుమ్మం పైన వేలాడాలి. శనివారం పదకొండింటికి శవం లేస్తుంది."

పెద్దింట్లో మగవాడు పోతే చావుపలక కట్టడం ఆ సీమలో ఆనవాయితీ. చదరపు పలకని మూల మీద నిలబెట్టి, దాని మీద వంశపు డాలు చిత్రించి, ఏడాది పాటు ఇంటి ముఖాన కట్టి ఉంచుతారు. ఆ తర్వాత చర్చి గోడకి ఎక్కిస్తారు. డాలు వెనక నేల రంగు చూస్తే చాలు, అక్షరం ముక్క రానివాడు కూడా పోయినవాడి సంసారం చెప్పేస్తాడు. అంతా నలుపైతే ఒంటరివాడని లెక్క. ఎడమ సగం నలుపు, కుడి సగం తెలుపు అయితే మొగుడు పోయాడు, పెళ్లాం బతికుందని లెక్క. సర్ జెర్వేస్ రాక్స్‌లీ పెళ్లి లేకుండానే అరవై నాలుగేళ్లు బతికాడని ఊరంతా ఎరుగును. అక్క కొడుకు కెప్టెన్ లయల్‌కి ఇల్లూ పొలమూ వస్తాయి గానీ, తండ్రి నుంచి కొడుక్కి తప్ప ఇంకెవరికీ దక్కని ఆ 'సర్' అనే బిరుదు రాదు. రెండు వందల ఏళ్ల నాటి బారోనెట్ పదవి ఏడో మనిషితో మట్టిలో కలిసిపోతోంది. బిరుదు రానందుకేనేమో కెప్టెన్ కొరడా బూటుని వదలడం లేదు.

అంతలో హానా పైల్ దస్తావేజుల పెట్టె పట్టుకుని హాల్లోకి వచ్చింది. ఆ ఇంటి పెత్తనమంతా ఆమెదే. వయసు యాభై దాటింది. నల్ల గౌను నడుముకి తాళాల గుత్తి. పెళ్లయినా కాకపోయినా ఇంటి పెత్తనం చూసే ఆడదాన్ని 'మిసెస్' అనే పిలవడం పెద్దిళ్లలో మర్యాద. అందుకే మిసెస్ పైల్‌కి మొగుడెవరని ఇరవై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు.

"ఆఁ, మిసెస్ పైల్, ఒకమాట," అన్నాడు కెప్టెన్, పెట్టె అందుకుంటూనే. "అంత్యక్రియలయ్యాక నువ్వు ఉండక్కర్లేదు. మా ఆవిడ తన మనిషిని తెచ్చుకుంటోంది. శనివారం సాయంత్రం బండి ఏర్పాటు చేస్తాను."

ఈనక్ తల దించుకుని గచ్చు వంక చూశాడు. బయటివాడి ముందు ఆ మాట అనకపోతే ఏం పోయింది!

"అలాగే బాబూ," అంది హానా. ఆమె చెయ్యి మాత్రం తాళాల గుత్తిని చప్పుడు కాకుండా అదిమి పట్టుకుంది.

ఈనక్ గడప దాటుతుంటే కెప్టెన్ వెనక నుంచి పిలిచాడు. "పర్స్లో, నీ రంగుల షెడ్డు ఉన్నది మా నేలలోనే కదూ?"

"అవును బాబూ. మా నాన్న కాలం నుంచీ."

"మంచిది. పని శుభ్రంగా చెయ్యి."

కొత్త పలక చేసి, రెండు పూతల తెల్ల సీసం రంగు పట్టించి, ఆరబెట్టే తీరిక లేదు. సారాకొట్టు వాళ్ల కోసం ఆరబెట్టిన పలక ఒకటి షెడ్డులో ఉంటే, ఈనక్ దాన్నే బల్ల మీదకి ఎత్తాడు. తాడుకి సున్నం పూసి, పలక నడిమధ్యగా బిగించి లాగి వదిలాడు. తెల్లటి పూత మీద గీత కనపడక, బొగ్గుతో ఇంకోసారి వేసుకున్నాడు. బుధవారం మధ్యాహ్నానికి డాలు అయింది, దాని మీద బారోనెట్ల గుర్తైన ఎర్ర అరచెయ్యి అయింది, ఎడమ సగం నేల నూనె నలుపుతో నిండింది. కుడి సగం ఇంకా తెల్లగా ఉంది.

హానా అప్పుడే తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో దొరగారి ముద్ర ఉంది.

"డాలు సరిచూసుకుంటావని తెచ్చాను. రేపు చర్చి గోడకి ఎక్కేది కదా, పాదిరిగారు ఇవ్వమన్నారు."

"నలభై ఏళ్లుగా చూస్తున్నానమ్మా, కళ్లు మూసుకుని గీస్తాను. అయినా కూర్చోండి."

ఆమె రంగు డబ్బా మీద కూర్చుంది. కూర్చుని పలకనే చూస్తోంది. ఈనక్ పుర్రె కన్నుగుంటకి నీడ వేస్తూ, ఆమె వెళ్లదేమా అనుకున్నాడు.

"ఈ పక్క ఎందుకు తెల్లగా వదిలావు?"

"వదల్లేదమ్మా, ఇంకా వెయ్యలేదు. సాయంత్రానికి నలుపు ఎక్కించేస్తాను."

"ఇలాగే ఉంచేస్తే?"

"ఇలాగే ఉంచేస్తే దొరగారి భార్య బతికున్నట్టే. కెప్టెన్ బాబు నా వీపు చీరేస్తాడు," అని నవ్వాడు ఈనక్.

ఆమె నవ్వలేదు. "ఇవాళ్టికి ఇలాగే ఉంచు ఈనక్," అంది. "ఒక్క పూట. నేను చూసుకుంటాను."

కుంచె ఈనక్ చేతిలోనే ఆగిపోయింది. ఆమె గౌను మెడ గుండీ తీసి, లోపలి నుంచి చిన్న గుడ్డ సంచి లాగింది. మడతలు విప్పి ఒక కాగితం బల్ల మీద పెట్టి, గాలికి పోకుండా ముద్రని దాని మీద ఉంచింది.

ఈనక్ చేతులు తుడుచుకుని చదివాడు. హెరిఫర్డ్‌లో ఒక చర్చి. 1888 మార్చి. జెర్వేస్ రాక్స్‌లీ, బ్రహ్మచారి. హానా పైల్, కన్య. కింద పాదిరి సంతకం, ఇద్దరు సాక్షుల పేర్లు. అతను మళ్లీ చదివాడు.

"దేవుడా! మరి ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?"

"ఇప్పుడూ చెప్పలేదు. నువ్వే చదువుకున్నావు." కాగితం తీసుకుని మడత పెడుతూ అంది. "బైబిలు మీద చెయ్యి వేయించుకున్నారు. నా నోటితో ఎవరికీ చెప్పకూడదని. మొదట వాళ్లమ్మ బతికున్నన్నాళ్లూ అన్నారు. ఆవిడ పోయాక అక్కయ్య ఏమంటుందో అన్నారు. ఆ తర్వాత నేను అడగడం మానేశాను."

ఎంత సర్ అయితే ఏం, పిరికివాడు పిరికివాడే. ఈనక్‌కి చచ్చినవాడి మీద ఒళ్లు మండిపోయింది. ఆ మంట చల్లారకముందే ఇంకో సంగతి తోచింది.

"అయితే ఆ పిల్లాడు... జైల్స్..."

"నా మేనల్లుడని చెప్పారుగా అందరికీ," అంది హానా. "వాడికీ అలాగే నేర్పాను. అత్తా, అత్తా అనేవాడు. ఆరేళ్లకే గొంతువాపొచ్చి పోయాడు. నువ్వే కదా చెక్క మీద పేరు రాసింది."

చర్చి దొడ్లో ఉత్తరం గోడ నీడలో ఆ చెక్క ఇప్పటికీ ఉంది. జైల్స్ పైల్, ఆరేళ్లు. రాసింది ఈనకే. అంతకుముందు చేసిన ఘనకార్యం కూడా అతనిదే. రాక్స్‌లీల జుట్టు ఎరుపు, ఆ పిల్లాడి జుట్టూ ఎరుపే. ఒకసారి సారాకొట్టులో నాలుగు గ్లాసులు పడ్డాక ఈనక్ గ్లాసెత్తి, "మన మిసెస్ పైల్ మేనల్లుడు దొరగారి తలపాగా పెట్టుకునే పుట్టాడురోయ్" అన్నాడు. కొట్టు కొట్టంతా పగలబడి నవ్వింది. ఊళ్లో పిల్లలు వాణ్ణి 'తలపాగా' అని పిలవడం మొదలైంది ఆ మర్నాటి నుంచే.

"నువ్వన్నమాట వంటింటి దాకా వచ్చింది," అంది హానా, అతని మొహం చూడకుండా.

ఈనక్‌కి తల కొట్టేసినట్టయింది. "దొరగారు...?"

"విన్నారు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. అంతే."

ఆమె లేచి గౌను దులుపుకుంది. "ఇల్లు ఎవడిక్కావాలి ఈనక్? లడ్లో ఊళ్లో మా చెల్లెలుంది, పోయి అక్కడుంటాను. వాడొక్కడే ఇక్కడ ఉండిపోతాడు. ఎవడో దాసీదాని తప్పుడు బిడ్డలా, ఆ పేరుతో. అదొక్కటే నాకు నిద్ర పట్టనివ్వదు."

వెళ్తూ వెళ్తూ పలక కుడి సగం మీద వేలు పెట్టి, తడి అంటుతుందేమోనని వెంటనే తీసేసుకుంది. అది ఎప్పుడో ఆరిన పూత.

గురువారం ఉదయం ఈనక్ నలుపు డబ్బా మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. రెండుసార్లు అలాగే చేశాడు. తెల్లగా వదిలేస్తే కెప్టెన్ పలక కట్టనే కట్టనివ్వడు. వేరే ఊరి నుంచి ఇంకొకణ్ణి పిలిపిస్తాడు. షెడ్డూ పోతుంది. నల్లగా వేసేస్తే ఆ పిల్లాణ్ణి ఇంకోసారి నవ్వులపాలు చేసినట్టే. ఈసారి తాగిన మత్తు అనడానికి కూడా లేదు.

పదింటికి చెల్లెలు కెజయ షెడ్డులోకి వచ్చింది. మొగుడు పోయాక అన్న ఇంట్లోనే ఉంటూ, బీరు కాయడం దగ్గర నుంచి అన్నని తిట్టడం దాకా ఇంటి పనులన్నీ తానే చేస్తుంది.

"పీపా అడుగున ఉన్న బీరు ఏమైంది? పందికి పోద్దామని ఉంచాను."

ఈనక్ గిన్నె కలుపుతూనే ఉన్నాడు. గిన్నెలో దీపపు మసి, దాంట్లో పులిసిన బీరు, కుంచె. కెజయ ముక్కు చిట్లించి గిన్నెలోకి చూసింది. తండ్రి దగ్గర చిన్నప్పుడు ఆమే రంగులు కలిపేది. చౌక చెక్క మీద టేకు చారలు గీయడానికి రంగుని బీరులో కలుపుతారని, వెంటనే మీద వార్నిష్ పడకపోతే అది తడిగుడ్డకి కూడా ఆగదని ఆమెకి వేరే చెప్పక్కర్లేదు.

"బయట కట్టే పలకకి బీరు రంగా? నీకు మతి గానీ పోయిందా అన్నయ్యా? మొదటి వానకే కారిపోతుంది!"

"పోతుంది."

"కింద తెల్ల పూత బయటపడుతుంది."

"పడుతుంది."

కెజయ పలక వంకా, అన్న మొహం వంకా చూసింది. ఆమెకి ఎంత అర్థమైందో తెలియదు గానీ, పక్కనున్న డబ్బా మీద కూలబడింది. "కెప్టెన్ అడిగితే ఏం చెబుతావు?"

"రంగు మంచిది కాదు, వాన పాడు చేసింది, మళ్లీ వేస్తానంటాను. ఆపాటికి చూసేవాళ్లు చూస్తారు."

"ఆహా! తప్పు నీదీ, నింద వానదీనా? భలే ధైర్యం!"

"ఉన్న ధైర్యం ఇంతేనే," అన్నాడు ఈనక్.

"షెడ్డు పోతే నా కొట్టంలో పెట్టుకో నీ డబ్బాలు. కోళ్లతో సర్దుకోవాలి మరి." కెజయ లేచి వెళ్లిపోయింది. కాసేపటికి ఇంకో అర చెంబు బీరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఎడమ సగానికి వార్నిష్ వేశాడు. కుడి సగానికి వెయ్యలేదు. డాలు అంచు దగ్గర మాత్రం బీరు రంగు నూనె రంగు మీదకి ఎక్కకుండా సన్న కుంచెతో ఊపిరి బిగబట్టి నింపాడు. ఆరాక దూరంగా నిలబడి చూసుకున్నాడు. రెండూ నలుపే. కాకపోతే ఒకటి మెరుస్తోంది, ఒకటి మసగ్గా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం పలకని ముందు గుమ్మం పైన, మేడ కిటికీ కిందుగా కట్టారు. కెప్టెన్ మెట్లు దిగి వెనక్కి నడిచి చూశాడు.

"కుడి పక్క ఎందుకలా వెలిసినట్టుంది?"

ఈనక్ నిచ్చెన మీద నుంచి తల తిప్పకుండా అన్నాడు, "ఇంకా ఆరలేదు బాబూ. ఆరితే కలిసిపోతుంది."

"పుర్రె బాగా కుదిరింది," అని కెప్టెన్ లోపలికి వెళ్లిపోయాడు.

పై కిటికీలో నుంచి తాడు అందిస్తున్నది హానా. ముడి బిగించడానికి ఆమె బాగా కిందికి వంగింది. వంగినది అలాగే ఆగిపోయింది. ఇంట్లో ఏ మరక దేనితో పోతుందో, ఏ రంగు దేనికి ఆగుతుందో ఇరవై ఏళ్లుగా చూసిన మనిషి.

"కెజయ బీరు బాగా పులిసినట్టుంది," అంది నెమ్మదిగా.

ఈనక్ గుడ్లప్పగించి పైకి చూశాడు.

"రేపు వాన పడేలా ఉందా ఈనక్?"

"మోకాలు నొప్పెడుతోందమ్మా. పడాలి."

"పడాలి," అని ఆమె కిటికీ మూసేసింది.

పడలేదు. నవంబరు నెలంతా కురిసి చంపిన ఆకాశం శనివారం నాడు కడిగిన గాజులా ఉంది. ఈనక్ తెల్లారకముందే లేచి, వాకిట్లో నిలబడి, కొండల వైపు మబ్బు తునకైనా ఉందేమోనని చూశాడు. లేదు. సిగ్గు విడిచి చెప్పాలంటే, అతనికి కొంత హాయిగా కూడా అనిపించింది. వాన ఇంకో వారానికి పడుతుంది. ఆపాటికి హానా లడ్లోలో ఉంటుంది. ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఆ హాయి ఎంత నీచమైందో వెంటనే తెలిసొచ్చి, కెజయ పెట్టిన రొట్టె పక్కన పెట్టేశాడు.

పదకొండింటికి శవపేటిక గడప దాటింది. పొలం పనివాళ్లు ఆరుగురు దాన్ని మెట్ల కింద బల్ల మీద దించి, భుజాలు మార్చుకుంటున్నారు. ముందు పాదిరి గాడ్బర్, వెనక కెప్టెన్, ఆయన భార్య, తర్వాత కౌలుదార్లు, ఊరి జనం. పనిమనుషులు వంటింటి వైపు వరసగా నిలబడ్డారు. వాళ్లు ముందు గుమ్మం వాడకూడదు, చివర్న నడవాలి. ఆ వరస మొదట్లో ఉండాల్సిన హానా లేదు. ఈనక్ వెతుకుతున్నాడు.

పైన కిటికీ తలుపు కిర్రుమంది.

అందరూ తలలెత్తారు. హానా కిటికీలో నిలబడి ఉంది. చేతుల్లో దొరగారి పడగ్గదిలోని నీలి పువ్వుల నీళ్ల కూజా. ఆమె ఎవరి వంకా చూడలేదు. కూజా వంచి, పలక కుడి అంచు మీద నెమ్మదిగా, తొందర లేకుండా, పూలమొక్కకి పోసినట్టు నీళ్లు పోసింది. నలుపు చారలు చారలుగా జారింది. గుమ్మం రాయి మీద మసి కాల్వ కట్టింది. లోపలికి వెళ్లి రెండో కూజా తెచ్చింది. మూడో కూజాకి ఇంక పోవాల్సింది ఏమీ మిగల్లేదు. ఎండలో పలక సగం నల్లగా, సగం తెల్లగా మెరిసింది.

గుంపులో ఎవరో ముసలావిడ "అయ్యో తల్లీ" అంది. ఆ రంగులు చదవలేనివాళ్లు అక్కడ ఒక్కరూ లేరు.

"పర్స్లో!" కెప్టెన్ గొంతు చీలింది. "ఏమిటిది?"

చెప్పాల్సిన మాట సిద్ధంగానే ఉంది. రంగు మంచిది కాదు బాబూ, మళ్లీ వేస్తాను బాబూ. మూడు రోజులుగా వల్లె వేసుకున్నదే. కానీ ఇవాళ నింద మొయ్యడానికి వాన లేదు. పైన ఆ మనిషి చేతిలో ఖాళీ కూజాతో ఒక్కత్తే నిలబడి ఉంది.

"దొరగారి భార్య బతికుందని అర్థం బాబూ," అన్నాడు ఈనక్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పలక అబద్ధం చెప్పకూడదని కింద తెలుపు నేనే ఉంచాను."

"భార్యా? ఎవరా భార్య?"

జవాబుగా ముందు తలుపు తెరుచుకుంది. హానా ఆ మెట్లు దిగడం ఊరు మొదటిసారి చూసింది. నెత్తిన నల్ల టోపీ, నడుముకి తాళాలు. నేరుగా పాదిరి దగ్గరికి వెళ్లి గుడ్డ సంచి విప్పి కాగితం ఇచ్చింది. ఒక్కమాట మాట్లాడలేదు. ముసలి పాదిరి కళ్లజోడు వెతుక్కుని చదివాడు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. తర్వాత ఆయన చేసిన పనే ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. కాగితం జాగ్రత్తగా మడిచి ఆమె చేతిలో పెట్టి, టోపీ తీసి, "లేడీ రాక్స్‌లీ, మీ చోటు శవపేటిక వెనక మొదటిది," అన్నాడు.

"ఇది కోర్టులో తేలాలి!" అన్నాడు కెప్టెన్. మొహం పాలిపోయింది.

హానా నడుము నుంచి గుత్తి విప్పి ఆయన చేతిలో పెట్టింది. "తేల్చుకోండి బాబూ. నేనెలాగూ వెళ్లేదాన్నే. ఇదిగో, ఈ పెద్దది ధాన్యపు కొట్టుది. కొంచెం బిగుసు. పైకెత్తి తిప్పాలి."

మోసేవాళ్లు పేటికని ఎత్తారు. ఆమె వెనక నడిచింది. కెప్టెన్ భార్య ఒకడుగు వెనక్కి జరిగి దారి ఇచ్చింది.

చర్చి దొడ్లో దక్షిణం వైపు రాక్స్‌లీల గోరీలు. దారి మాత్రం ఉత్తరం గోడ పక్కనుంచే. ఆ గోడ దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే, మోసేవాళ్లు ఆగారు. అందరికంటే ముందున్నవాడు ఒకప్పుడు ఆ పిల్లాణ్ణి 'తలపాగా' అని ఏడిపించినవాళ్లలో ఒకడు. పేటికని గడ్డి మీద దించి, అలసట తీర్చుకుంటున్నట్టు తల వంచుకుని నిలబడ్డారు. హానా ఆ చిన్న చెక్క వంక చూసింది. అప్పటిదాకా ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది, బయటికే ఏడ్చింది, ఎవరి నుంచీ దాచుకోకుండా.

శనివారం ఎక్కాల్సిన బండి సోమవారం పొద్దున ఎక్కేముందు ఆమె షెడ్డుకి వచ్చింది. షెడ్డు ఖాళీ చెయ్యమని కెప్టెన్ మనిషి అప్పటికే చెప్పి వెళ్లాడు. డబ్బాలు సగం కెజయ కొట్టంలోకి చేరాయి. బల్ల మాత్రం ఇంకా అక్కడే ఉంది. బల్ల మీద జైల్స్ చెక్క. పాత అక్షరాలు గీకేసి, రెండు పూతల తెల్ల సీసం వేసి ఉంది.

"ఆ రోజు సారాకొట్టులో నేనన్నమాట..." అని మొదలెట్టాడు ఈనక్.

"తెలుసు. రాయి."

అతను కుంచె కొన సర్దుకున్నాడు. "ఎనిమిదో బారోనెట్ అని కూడా పెట్టమంటారా అమ్మా? నిలిచుంటే అయ్యేవాడే కదా."

"వద్దు. తండ్రి కంటే ముందే పోయాడు. కానిది అయ్యాడని రాయొద్దు. ఆయనతోనే ఆగిపోయిందది, ఆగిపోనీ. వాడి పేరు వాడికుంటే చాలు."

జైల్స్ రాక్స్‌లీ అని రాశాడు. కింద జెర్వేస్, హానాల కొడుకు అని రాశాడు. ఒక్కో అక్షరం అయ్యేదాకా ఆమె పక్కనే నిలబడి, పెదాలు కదుపుతూ చదువుకుంది. బయట బండివాడు రెండుసార్లు పిలిచాడు. పడమటి కొండల మీద మబ్బు దిగుతోంది, సాయంత్రానికి గట్టి వానే పడేట్టుంది.

"దేంతో రాశావు?" అని అడిగింది, గుమ్మం దగ్గర ఆగి.

"నూనె రంగమ్మా. వార్నిష్ మూడు పూతలు వేస్తాను."

ఆమె తలూపి బండి ఎక్కింది. ఈనక్ ఆ రోజు ఇంక డబ్బాలు మొయ్యలేదు. మూడు కాదు, నాలుగు పూతలు వేశాడు.